బ్లేడ్ పటర్ పాతబడిపోయిందంటే నేను ఒప్పుకోను

పెన్నాగట్టు
వీలైన ఆదివారమల్లా తెల్లారకముందే నెల్లూరులో కారెక్కి నలుగురం చెన్నై పోతాం గోల్ఫ్ ఆడేదానికి. బంతిని గుంటలోకి దొర్లించే కర్రే పటర్. ముగ్గురి బ్యాగుల్లో పెద్ద పెద్ద తలలున్న మాలెట్ పటర్లు. నా దాంట్లో పాత విల్సన్ 8802, సన్నటి తలున్న బ్లేడ్. క్రోము అక్కడక్కడా లేచిపోయింది. నేను పట్ (పటర్‌తో కొట్టే దెబ్బ) మిస్సయితే చాలు, "ముందా కర్రని పెన్నలో పారెయ్యి" అంటారు. వాళ్ళు మిస్సయితే మాత్రం గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) బాగలేదంట.
నా ప్రశ్న ఇది. దీని మీద ఇష్టం ఉత్త మోజేనా, బంతికి తగిలే ఆ సన్నటి ఫేస్‌లో నిజంగా ఏదన్నా ఉందా? బంతి వెనక పెట్టి కిందకి చూస్తే నాకు మనసు కుదురుగా ఉంటది. చూపుకి అడ్డం వచ్చేది ఏమీ ఉండదు, ఒక అంచు, ఒక బంతి, అంతే. సరిగ్గా మధ్యలో తగిలితే చేతికి తగిలినట్టే ఉండదు. కొంచెం టో (తల బయటి కొస) వైపు పోయిందా, మోచేతి దాకా తెలుస్తది. నాకు నచ్చేది అదే.
ఇప్పుడు వాడేవాళ్ళూ, వాడి మానేసినవాళ్ళూ చెప్పండి. ఊరికే "కొత్తది కొను" అనేదానికైతే రావద్దు.

కావలి_కుర్రోడు
కొత్తది కొను అన్నా.

పెన్నాగట్టు
నువ్వు వస్తావని తెలుసు అబ్బయ్యా.

కోవూరు_లెక్చరర్
నేను ఫిజిక్స్ వైపు నుంచి చెప్తాను. రెండు పటర్ల తల బరువు ఒకటే అయినా, ఆ బరువు ఎక్కడ ఉందనేది ముఖ్యం. జడత్వ భ్రామకం లెక్కలో దూరం వర్గంగా వస్తుంది. బరువుని మధ్య నుంచి రెట్టింపు దూరం జరిపితే, మెలి తిరగకుండా అడ్డుకునే గుణం నాలుగు రెట్లవుతుంది. 8802లో లోహమంతా ఒక సన్నటి పట్టీలో ఉంటుంది, షాఫ్ట్, అంటే పట్టుకునే కడ్డీ, హీల్ (మనవైపు కొస) దగ్గర కలుస్తుంది. మాలెట్‌లో బరువుని చివరలకీ వెనక్కీ నెట్టేశారు. అందుకే టో వైపు తగిలితే బ్లేడ్ తిరిగిపోతుంది, మాలెట్ అంతగా తిరగదు.
తిరిగితే నష్టం ఎంత? 10 అడుగుల పట్ తీసుకోండి. బంతి దాదాపుగా ఫేస్ చూసే వైపే పోతుంది. ఫేస్ 1 డిగ్రీ పక్కకి ఉంటే, కప్పు (గుంట) దగ్గరికి చేరేసరికి బంతి సుమారు 5.3 సెంటీమీటర్లు తప్పుతుంది. కప్పు వ్యాసం 10.8, అందులో సగం 5.4. ఒక్క డిగ్రీకే అంచు మీదకి వచ్చేశాం. పైగా మధ్యలో తగలని బంతికి వేగం కూడా తగ్గుతుంది, పట్ పొట్టిగా ఆగిపోతుంది.
ఇక్కడిదాకా మీ స్నేహితుల మాటే నెగ్గుతుంది. కానీ "మోచేతి దాకా తెలుస్తది" అని మీరన్నది కూడా ఇదే లెక్కలోంచి వస్తుంది. తల మెలి తిరిగితేనే కదా చేతికి తెలిసేది. తిరగని తల తప్పుని కాపాడుతుంది, అదే సమయంలో మీకు చెప్పకుండా దాస్తుంది కూడా.

కావలి_కుర్రోడు
సార్, ఇది ఇంటర్‌లో చెప్పుంటే నాకు ఫిజిక్స్ పాసయ్యేది.

డాలస్_నెల్లూరోడు
మేముండే ఊళ్ళోనే స్కాటీ షెఫ్లర్ ఉంటాడు. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ దాకా అతన్ని కొట్టేవాడు లేడు, బ్లేడ్ పట్టుకున్నన్నాళ్ళూ చిన్న పట్లు మాత్రం జారిపోయేవి. 2024 మార్చిలో ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్‌కి టేలర్‌మేడ్ స్పైడర్ మాలెట్ తెచ్చాడు, 5 షాట్ల తేడాతో గెలిచాడు. తర్వాతి వారం ప్లేయర్స్ చాంపియన్‌షిప్, ఏప్రిల్లో మాస్టర్స్. ప్రపంచ నంబర్ వన్‌కే మాలెట్ అవసరం పడితే, వారానికోసారి ఆడేవాళ్ళకి బ్లేడ్ ఎందుకు?

పెన్నాగట్టు
మరి టైగర్ వుడ్స్? 15 మేజర్లలో (అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) 14 ఒక్క పటర్‌తోనే గెలిచాడు. స్కాటీ కామెరాన్ న్యూపోర్ట్ 2. అది బ్లేడ్ కాదా?

గోల్కొండలో_ఒంగోలు
న్యూపోర్ట్ 2ని నీ 8802 పక్కన పెట్టి చూడు, తేడా నీకే కనిపిస్తుంది. టైగర్‌ది పింగ్ యాన్సర్ సంతానం. కార్స్టెన్ సోల్‌హైమ్ అని జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరు, తనకి పట్టింగ్ కుదరక 1959లో సొంతంగా ఒక పటర్ చేసుకున్నాడు. కొడితే పింగ్ అని మోగేది, కంపెనీ పేరు అట్టా వచ్చింది. 1966లో యాన్సర్ ఆలోచన తట్టినప్పుడు చేతికి కాగితం అందక 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు కవరు మీద బొమ్మ గీశాడు. అందులో కిటుకల్లా మధ్యలో లోహం తీసేసి హీల్‌కీ టోకీ పంచడమే. లెక్చరర్ గారు చెప్పిన లెక్క ఆయన అప్పుడే వేసేశాడు.
కాబట్టి టైగర్‌ని చూపించి 8802ని గెలిపించలేం.
అసలు సిసలు 8802 మనిషి కావాలంటే బెన్ క్రెన్‌షా ఉన్నాడు. ఆయన పటర్ పేరు లిటిల్ బెన్. కుర్రతనంలో తన కోచ్ హార్వీ పెనిక్ షాపులో 20 డాలర్లకి కొన్నది. 1984లో మాస్టర్స్ దాంతోనే, 1995లో మళ్ళీ మాస్టర్స్ దాంతోనే. 1987 రైడర్ కప్‌లో (అమెరికా, యూరప్ జట్ల పోటీ), మ్యాచ్ మధ్యలో, కోపంలో దాన్ని విరగ్గొట్టాడు. మార్చుకునే వీల్లేదు. మిగతా హోల్సన్నీ 1-ఐరన్‌తోనూ శాండ్ వెడ్జ్‌తోనూ, అంటే పట్టింగ్‌కి కాని కర్రలతో, పట్ చేశాడు. ఐర్లండ్ ఆటగాడు ఈమన్ డార్సీ చేతిలో ఓడాడు గానీ, ఓడింది 18వ హోల్ మీద. ఐరన్ అంచుతో పట్ చేస్తూ చివరి హోల్ దాకా లాక్కొచ్చాడంటే ఆ చేతులు ఎట్టాంటివో చూడండి. బ్లేడ్‌తో పెరిగిన చేతులు అవి. నా నమ్మకం ఏందంటే, బ్లేడ్ ఆ చేతుల్ని తయారుచేసింది.

డాలస్_నెల్లూరోడు
లేదా అట్టాంటి చేతులున్నోడే బ్లేడ్‌తో నెగ్గుకొచ్చాడు. ఏది ముందో నువ్వెట్టా చెప్తావు?

గోల్కొండలో_ఒంగోలు
అది న్యాయమైన ప్రశ్నే. చిన్నప్పటి నుంచి దాంతోనే కొట్టాడు కాబట్టి నా ఓటు బ్లేడ్‌కే.

లెఫ్టీ_లక్ష్మి
ఎడమచేతి వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరేం? ఫిల్ మికెల్సన్ కెరీర్‌లో చాలాకాలం 8802 తరహా బ్లేడే వాడాడు. నేను ఆయన్ని చూసే మొదలుపెట్టా. కానీ మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో లెఫ్ట్ హ్యాండ్ బ్లేడ్ దొరకడం గగనం. చివరికి నాకు దొరికింది పాత బుల్స్ ఐ. ఇత్తడిది, షాఫ్ట్ మధ్యలోకి దిగుతుంది, నా మోడల్‌కి రెండువైపులా ఫేస్ ఉంది. కుడివాళ్ళకీ ఎడమవాళ్ళకీ ఒకటే. అంత సన్నటి తల ఇంకే పటర్‌కీ చూడలేదు నేను.
ఇబ్బంది ఒకటొచ్చింది. నేను ఊళ్ళో లేనప్పుడు మా అత్తయ్య దాన్ని బిందెలతో పాటు చింతపండు పెట్టి తోమారు. ఇప్పుడు తళతళలాడిపోతోంది. ఎండలో కిందకి చూస్తే కళ్ళలోకే కొడుతోంది.

కావలి_కుర్రోడు
పటర్‌ని చింతపండుతో తోమిన ఇల్లు నెల్లూరు జిల్లాలోనే ఉంటది. చేపల పులుసులో వెయ్యలేదు, సంతోషించక్కా.

మైపాడు_గాలి
@లక్ష్మి గారు, ఏమీ చేయొద్దు. సముద్రపు గాలికి ఇత్తడి దానంతటదే రంగు తిరుగుద్ది. మా ఊళ్ళో అయితే ఒక వర్షాకాలం చాలు. తొందరగా కావాలంటే ఆడిన తర్వాత తుడవకుండా వదిలెయ్యండి, చేతి చెమటకే మసక పడుద్ది. ఇసక కాగితం మాత్రం ఫేస్ మీద పెట్టొద్దు.
@పెన్నాగట్టు, నీది వేరే. అది ఉక్కు. క్రోము లేచిన చోట తుప్పు మొదలవుద్ది, క్రోము కిందకి పాకుద్ది. ప్రతి ఆట తర్వాత పొడి గుడ్డ, ఆ పైన కుట్టుమిషన్ నూనె ఒక చుక్క. తడి కవరు తొడిగి డిక్కీలో పడేస్తే మాత్రం ఆ పటర్ నీకు దక్కదు.

టంగుటూరు_ఫౌజీ
ఆ మధ్యలో షాఫ్ట్ సంగతి మీద ఒక పాత గొడవ ఉంది. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికా ఆయన స్కెనెక్టడీ పటర్ పట్టుకుని బ్రిటన్ పోయి, వాళ్ళ అమెచ్యూర్ చాంపియన్‌షిప్ గెలుచుకొచ్చాడు. దానికీ షాఫ్ట్ తలకాయ మధ్యలోకే దిగేది. కొన్నేళ్ళకి బ్రిటన్‌లో గోల్ఫ్ రూల్స్ పెట్టే ఆర్ అండ్ ఏ వాళ్ళు మధ్యలో షాఫ్ట్ ఉండే పటర్లు చెల్లవన్నారు. 1950ల మొదట్లో గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. ఇప్పుడు పాతకాలపు పద్ధతి అని మనం మురిసిపోయే ఆకారం అప్పట్లో మోసం కిందే లెక్క.

కావలి_కుర్రోడు
ఫౌజీ బాబాయ్ వచ్చాడు, ఇక చర్చ నడుస్తది.

గోల్కొండలో_ఒంగోలు
ఫౌజీ గారూ, పాత కర్రల సంగతి వచ్చింది కాబట్టి, బాబీ జోన్స్ అనే పాతకాలం చాంపియన్ పటర్ కాలమిటీ జేన్ గురించి కూడా చెప్పాలి. 1923లో జిమ్మీ మెయిడెన్ అనే ప్రొఫెషనల్ ఆయనకిచ్చిన పాత బ్లేడ్ అది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచాడు. హికరీ కర్ర షాఫ్ట్, చీలకుండా దారం చుట్టి ఉండేది. ఫేస్ అరిగిపోతే అచ్చం అట్టాంటిదే ఇంకొకటి చేయించుకున్నాడు. 1930లో గ్రాండ్‌స్లామ్ (ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ) కొట్టింది ఆ రెండో దాంతో. దాని లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, సుమారు 8 డిగ్రీలు.

కావలి_కుర్రోడు
8 డిగ్రీలా? అది పటరా ఐరనా? నా దానికి 3 డిగ్రీలే.

టంగుటూరు_ఫౌజీ
ఎందుకో నేను చెప్తా. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఉత్తరాదిన కంటోన్మెంట్ కోర్సుల్లో ఆడినా. నీళ్ళు లేని చోట గ్రీన్లు ఉండవు, బ్రౌన్లు ఉంటాయి. ఇసకలో పాత నూనె కలిపి గట్టిపరుస్తారు. పట్ కొట్టే ముందు బంతి దగ్గర నుంచి కప్పు దాకా చెక్కపలక లాగి దారి చదును చేసుకోవాల. వంపుల లెక్క పెద్దగా ఉండదు, ఎంత గట్టిగా కొట్టాలనేదే అంతా. బంతి ఇసకలో కొంచెం దిగబడి ఉంటది. లాఫ్ట్ ఉన్న బ్లేడ్ అయితే దాన్ని లేపి ముందుకి తోస్తది. ఆఫీసర్ ఒకాయన దగ్గర వెడల్పాటి మాలెట్ ఉండేది, దాని అడుగు ఇసకని రాసుకుని స్ట్రోక్ మధ్యలోనే నిలిచిపోయేది.
జోన్స్ కాలంలో గడ్డి గ్రీన్లు కూడా ఇప్పటంత నున్నగా లేవు. గడ్డి ఎత్తు ఎక్కువ, బంతి దాంట్లో కూర్చుంటది. అందుకే అంత లాఫ్ట్. బ్లేడ్ మంచిదా కాదా అని అడిగేముందు ఏ నేల మీద అని అడగాల.

కోవూరు_లెక్చరర్
ఫౌజీ గారి మాట అక్షరాలా నిజం. గ్రీన్ వేగం కొలవచ్చని మొదట అనుకున్నది ఎడ్వర్డ్ స్టింప్సన్. 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చూసిన తర్వాత స్టింప్‌మీటర్ తయారుచేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ దాన్ని తీసుకున్నది 1970ల్లో. అప్పటినుంచి గ్రీన్ల వేగం పెంచడం ఒక పోటీ అయిపోయింది. నున్నటి గ్రీన్ మీద చిన్న తాకుడు చాలు, లాఫ్ట్ తగ్గింది, తల బరువు పెరిగింది. పాత బ్లేడ్ తల చాలావరకు 300 గ్రాముల పైన కొంచెం ఉంటుంది, ఇప్పటివి 350 దాటుతాయి.
మన చెన్నై వైపు గ్రీన్లు బెర్ముడా గడ్డి. దానికి గ్రెయిన్ ఉంటుంది, పోచలు ఒకవైపు వాలి ఉంటాయి. వాలుకి ఎదురు కొడితే బంతి ఈడ్చుకుంటూ పోతుంది, వాలు వెంట కొడితే జారిపోతుంది. ఇట్లాంటి చోట తేలిక తలతో దూరం పట్టుకోవడం కష్టమే.

పెన్నాగట్టు
అది నిజం సార్. నా పట్లు లైను బాగానే పట్టుకుంటాయి. ఎదురు గ్రెయిన్‌లో పొట్టిగా ఆగుతాయి.

మైపాడు_గాలి
అయితే తల వెనక సీసం అతికించు. మా వాళ్ళు వలలకి కట్టే సీసం గుండ్లు ఉంటాయి గదా, ఒకటి సుత్తితో పలచగా కొట్టి, కత్తిరించి, గట్టి జిగురు టేపుతో అంటించు. గోల్ఫ్ షాపులో అదే పట్టీ నాలుగింతల రేటు. సీసం ముట్టుకున్నాక చెయ్యి సబ్బుతో కడగాల, మర్చిపోవద్దు.

లెఫ్టీ_లక్ష్మి
రూల్ ప్రకారం ఒప్పుకుంటారా?

టంగుటూరు_ఫౌజీ
రౌండు మొదలెట్టకముందు అయితే అభ్యంతరం లేదమ్మా. రౌండు నడుస్తుండగా అంటించడం, పీకడం కుదరదు. పాత పటర్ చెల్లదేమో అనే భయం కూడా వద్దు. లాఫ్ట్ 10 డిగ్రీలు దాటకుంటే సరిపోతది, కాలమిటీ జేన్ అయినా చెల్లుద్ది.

చీమకుర్తి_రాయి
నేను ఇంతసేపు చదువుతా ఉన్నా. ఎవరూ శబ్దం గురించి మాట్లాడట్లేదు. బ్లేడ్ ఆకర్షణలో సగం చెవిలోనే ఉంది. నమ్మకపోతే చెవుల్లో దూది పెట్టుకుని పట్ చెయ్యండి, చేతిలో ఫీల్ కూడా తగ్గిపోద్ది.
మా యార్డులో గెలాక్సీ నల్ల రాయి పలకలు పాలిష్ అయ్యి పడుంటాయి. లెవెల్ పెట్టి సరిచేసిన పలక ఒకటి నాకు ప్రాక్టీసుకి ఉంది. గ్రీన్ వేగానికీ దానికీ పోలికే లేదు, దాని మీద దూరం నేర్చుకోవడం కుదరదు. కానీ లైను చూడ్డానికి దాన్ని మించింది లేదు. ఫేస్ కొంచెం వంకర తగిలినా బంతి పలక అంచు దాటి పడిపోద్ది. రాత్రి కోత మిషన్లు ఆగాక కొడితే, బ్లేడ్ మధ్యలో తగిలిన చప్పుడు ఒకటి, హీల్ దగ్గరది ఇంకొకటి, టోది మరొకటి. కళ్ళు మూసుకుని చెప్పగలను యాడ తగిలిందో. నా పాత మాలెట్‌కి ఫేస్‌లో ప్లాస్టిక్ ముక్క (ఇన్సర్ట్) పొదిగారు, ఎక్కడ కొట్టినా ఒకటే టప్.
ఇంకో సంగతి. 8802 పుట్టిన కాలంలో బంతుల పైతొడుగు బలాటా అనే మెత్తటి పదార్థం, లోపల రబ్బరు దారం చుట్టినవి. మెత్తన. ఇప్పటి చౌక రెండు పొరల బంతిని ఉక్కు ఫేస్‌తో కొడితే గట్టిగా ఠక్ మంటది. "బ్లేడ్ బాగలేదు" అనేవాళ్ళలో చాలామంది కొట్టేది ఆ బంతినే. యూరిథేన్ కవరున్న మెత్తటి బంతితో ఒకసారి కొట్టి చూసి అప్పుడు మాట్లాడండి.

పెన్నాగట్టు
రాయి అన్నా, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది నువ్వు చెప్పేశావు.

డాలస్_నెల్లూరోడు
శబ్దం బాగుంటది, ఒప్పుకుంటా. స్కోరు కార్డు మీద శబ్దం రాసుకోరు గదా. జాక్ నిక్లస్ మేజర్లలో ఎక్కువ భాగం 'జార్జ్ లో' అనే ఆయన పేరున్న బ్లేడ్‌తో గెలిచాడు. 1986లో 46 ఏళ్ళ వయసులో మాస్టర్స్‌కి వచ్చేసరికి చేతిలో ఉన్నది మెక్‌గ్రెగర్ పెద్ద తల పటర్. దాంతోనే గెలిచాడు. వయసు పెరిగి చెయ్యి వణికే రోజుకి పెద్ద తలే దిక్కు.

గోల్కొండలో_ఒంగోలు
అందరూ ఏదో ఒక రోజు మాలెట్‌కి రావచ్చు. అప్పటిదాకా ఎందుకు రావాలి?

కావలి_కుర్రోడు
పోట్లాట పక్కన పెట్టి నాకొకటి చెప్పండి. నాకు బ్లేడ్ పడుద్దా పడదా అని కొనకముందే ఎట్టా తెలుస్తది? లక్ష్మక్క బుల్స్ ఐ కబుర్లు విని నాకూ మనసు లాగతా ఉంది.

డాలస్_నెల్లూరోడు
పడిపోయాడు.

కోవూరు_లెక్చరర్
రెండు పరీక్షలు చేయండి. పటర్ షాఫ్ట్‌ని వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. 8802 అయితే టో నేలవైపు వేలాడుతుంది. మాలెట్లలో చాలావాటికి ఫేస్ ఆకాశం వైపు చూస్తూ నిలబడుతుంది. టో వేలాడే పటర్ వెనక్కి లాగినప్పుడు తెరుచుకోవాలనీ, ముందుకి వచ్చేటప్పుడు మూసుకోవాలనీ చూస్తుంది. మీ స్ట్రోక్ సహజంగా చిన్న వంపులో పోతుంటే అది మీకు తోడు. మీరు తిన్నగా వెనక్కీ ముందుకీ కొట్టే రకమైతే దాంతో ప్రతిసారీ కుస్తీయే. ఇది చాలామందికి వర్తిస్తుంది, అందరికీ అని చెప్పను. బుల్స్ ఐలో షాఫ్ట్ తల మధ్యకి దగ్గరగా దిగుతుంది కాబట్టి టో అంతగా వేలాడదు, ఆ తేడా గుర్తుంచుకోండి.
రెండోది, ముఖానికి రాసుకునే పౌడరు ఫేస్ మీద పలచగా అద్ది ఒక పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ రూపాయి బిళ్ళంత చోటులో పడితే బ్లేడ్ మీకు అన్యాయం చేయదు. ఫేస్ అంతా చెల్లాచెదురైతే ముందు ఆ సంగతి చూసుకోవాలి.

కావలి_కుర్రోడు
చేసినా సార్. ఇంట్లో చాప మీద. నా మాలెట్ మచ్చలు హీల్ వైపు బారుగా పడినయ్యి, బంతులు మాత్రం తిన్నగానే పోయినయ్యి. ఇన్నాళ్ళూ మధ్యలో కొడుతున్నాననే అనుకున్నా!

పెన్నాగట్టు
చూశావా. నేను అడిగిందానికి ఇదే జవాబు. నా 8802 అయితే నీకు మొదటి రోజే చెప్పేసేది.

డాలస్_నెల్లూరోడు
హీల్‌తో కొట్టినా బంతి తిన్నగా పోయిందని నువ్వే అంటున్నావు. నా జవాబు కూడా ఇదే.

లెఫ్టీ_లక్ష్మి
ఇద్దరూ గెలిచారు, సరేనా? కావలి తమ్ముడూ, నువ్వు నిలబడే తీరు చూడు ముందు. మచ్చలన్నీ హీల్ వైపే అంటే బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నావేమో, లేకపోతే పటర్ పొడవు ఎక్కువేమో. షాపులో వచ్చే 35 అంగుళాలు మనలో చాలామందికి ఎక్కువ. నాది 33కి కోయించాక భుజాలు సర్దుకున్నాయి. కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుంది, అప్పుడు మైపాడు వాళ్ళ సీసం పనికొస్తుంది.

మైపాడు_గాలి
కోయించాలంటే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకన్నా పో. గ్రిప్ ఊడదీసి, పైనుంచి కోయించాల, కిందనుంచి కాదు. తల దగ్గర గ్యాస్ మంట పెట్టనివ్వొద్దు, క్రోము నీలం తిరిగి పాడవుద్ది. వాళ్ళకి లారీ కమ్మీలు కోసే అలవాటు, పక్కనే నిలబడి చూసుకో.

టంగుటూరు_ఫౌజీ
టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆట చూసినోళ్ళు ఉండారా ఇక్కడ? 2021 ఆగస్టు, శనివారం పొద్దున్నే. దూరం కొట్టడంలో బాగా వెనక, పట్టింగ్‌తోనే నాలుగో స్థానం దాకా వచ్చింది. ఒక్క షాట్ తేడాలో పతకం పోయింది. మా వీధిలో గోల్ఫ్ అంటే ఏందో తెలియనోళ్ళు కూడా ఆ చివరి పట్‌కి లేచి నిలబడినారు. పటర్ ఏదైనా గానీ, రోజూ పట్ చెయ్యాల.

కావలి_కుర్రోడు
బాబాయ్, అది చూసే నేను క్లబ్బులో చేరినా.

చీమకుర్తి_రాయి
పెన్నాగట్టు, ఒక పలక నీకు పంపిస్తా. చివర చిన్న పగులుంది, ఎగుమతికి పనికిరాదు, నీకు పనికొస్తది. 8 అడుగుల పొడవు, 20 మిల్లీమీటర్ల మందం. డబ్బులు వద్దు. మా లారీ బుధవారం కృష్ణపట్నం పోర్టుకి పోతా ఉంది, నెల్లూరు బైపాస్‌లో దించమని చెప్తా. మోసేదానికి నలుగురు మనుషులు కావాల, నిలువుగా పట్టుకోవాల, పడుకోబెట్టి మోస్తే మధ్యలో విరుగుద్ది.

పెన్నాగట్టు
నలుగురేగా. మా మాలెట్ బ్యాచ్ ముగ్గురూ నేనూ వస్తాం. ఎన్ని గంటలకో చెప్పన్నా.

కావలి_కుర్రోడు
నేనూ వస్తా, పౌడరు డబ్బా తెస్తా. లక్ష్మక్కా, ఆ బుల్స్ ఐ ఒక్కసారి కొట్టనిస్తావా?